చేతికి అమరిన పిస్టలే తొలి గురువు

కొత్త షూటర్ మొదటి పిస్టల్‌ను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలి, ఏది పక్కన పెట్టాలి, ఎంతకాలం ఆగాలి

2018లో కేరళలో జరిగిన జాతీయ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో పదమూడేళ్ల హైదరాబాద్ బాలిక ఈషా సింగ్ సీనియర్ మహిళల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ విజేతగా నిలిచింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆమె నాలుగు పతకాలు గెలుచుకోగా, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్య పతకాలు సాధించింది. ఈ విజయాలతో పిస్టల్ షూటింగ్ అనే క్రీడ సామాన్య కుటుంబాల ఆలోచనల్లోకి కూడా వచ్చింది. పిల్లల్ని రేంజ్‌కు, అంటే గురి సాధన కోసం ప్రత్యేకంగా కట్టిన ఆవరణకు, తీసుకువెళ్లే తల్లిదండ్రులూ, ఉద్యోగం చేసుకుంటూ ముప్పై దాటాక ఈ ఆట మొదలుపెట్టేవారూ మొదటి వారంలోనే అడిగే ప్రశ్న, ఏ పిస్టల్ కొనాలి అన్నది. చాలామంది ఈ ప్రశ్నకు జవాబును ప్రసిద్ధ కంపెనీల పేర్లలో వెదుకుతారు గానీ, అది అన్నిటికంటే ముందు షూటర్ చేతిలో, ఆ తరువాత ట్రిగ్గర్‌లో, చివరగా మాత్రమే కంపెనీ పేరులో ఉంటుంది. మొదటి పిస్టల్‌కు ఉన్న బాధ్యత పతకం తేవడం కాదు. షూటర్ చేసిన తప్పును ఉన్నది ఉన్నట్టు చూపడం.

చట్టం గీసిన గీత

భారతదేశంలో కొత్త షూటర్ చేతికి వచ్చే తొలి పిస్టల్ దాదాపు ఎప్పుడూ ఎయిర్ పిస్టలే. మందుగుండుతో పేలే తూటాకు బదులు, ఒత్తిడికి గురిచేసిన గాలితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను విసిరే పరికరం ఇది. 1959 ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన నియమాల ప్రకారం, బ్యారెల్ లోపలి వ్యాసం 0.177 అంగుళాలు, పెల్లెట్ బయటికి వచ్చేటప్పటి శక్తి 20 జౌళ్లు మించని గాలి ఆయుధాలకు లైసెన్సు అవసరం లేదు. సుమారు అర గ్రాము బరువున్న పెల్లెట్ సెకనుకు 150 మీటర్ల వేగంతో వెళ్లినా దాని శక్తి ఆరు జౌళ్లకు లోపే ఉంటుంది కాబట్టి పోటీల్లో వాడే ఎయిర్ పిస్టళ్లు ఈ పరిమితికి ఎంతో దిగువనే ఉంటాయి. మహిళల 25 మీటర్ల పోటీలో వాడే 0.22 అంగుళాల పిస్టల్ మందుగుండు ఆయుధం కనుక దానికి లైసెన్సు తప్పనిసరి. ఆ మెట్టు ఎక్కేవారు సైతం ఎయిర్ పిస్టల్‌తో పునాది వేసుకున్న తరువాతే అటు అడుగు వేయడం మేలు. లైసెన్సు అక్కర్లేదన్న మాటను ఆటవస్తువు అన్న అర్థంలో తీసుకోకూడదు. కొనుగోలు బిల్లును, గుర్తింపు పత్రాల ప్రతులను పిస్టల్ పెట్టెలోనే ఉంచుకోవడం, రేంజ్‌కు తీసుకువెళ్లేటప్పుడు దాన్ని మూసిన పెట్టెలోనే ఉంచడం మొదటి రోజు నుంచీ అలవడాలి.

గురి తప్పేది ఎక్కడ

పిస్టల్ ఎంపికలో ఏది ముఖ్యమో తెలియాలంటే గురి ఎలా తప్పుతుందో ముందుగా తెలియాలి. పిస్టల్ పైభాగంలో కంటికి దగ్గరగా ఒక గాడి ఉన్న వెనుక సైట్, బ్యారెల్ చివర సన్నని పలకలాంటి ముందు సైట్ ఉంటాయి. ముందు పలక వెనుక గాడికి సరిగ్గా మధ్యన నిలిచి, రెండింటి పై అంచులూ ఒకే గీతలో కనిపించడాన్ని సైట్ల కూర్పు అంటారు. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 340 మిల్లీమీటర్లు అనుకుంటే, కూర్పులో ముందు పలక ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా పది మీటర్ల దూరాన పెల్లెట్ 29 మిల్లీమీటర్లు పక్కకు పోయి ఏడో వలయంలో పడుతుంది. సైట్ల కూర్పు చెదరకుండా చెయ్యి మొత్తంగా అయిదు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగితే మాత్రం పెల్లెట్ కూడా అంతే దూరం జరుగుతుంది. అంచుతో గీతను తాకినా చాలు కనుక ఆ దెబ్బకు పది పాయింట్లే వస్తాయి.

ఈ చిన్న లెక్కలో పిస్టల్ ఎంపికకు కావలసిన సూత్రమంతా ఉంది. చెయ్యి ఊగడం సహజం. ఒంటి చేత్తో, ఏ ఆసరా లేకుండా ఆడే ఈ ఆటలో ప్రపంచ విజేతల చెయ్యి సైతం ఊగుతూనే ఉంటుంది. గురిని నిజంగా చెరిపేది మణికట్టు వంగడం, వేలు ట్రిగ్గర్‌ను పక్కకు లాగడం. కాబట్టి మణికట్టును ఒకే తీరులో నిలిపే పిడి, వేలి కదలికను బ్యారెల్ దాకా పోనివ్వని ట్రిగ్గర్ ఉన్న పిస్టలే కొత్త షూటర్‌కు మేలు చేస్తుంది. మంచి కంపెనీ పిస్టళ్లలో బ్యారెల్ నాణ్యత ఎలాగూ నేర్చుకునేవారి అవసరానికి మించే ఉంటుంది.

పిడి పరీక్ష

పోటీ పిస్టళ్ల పిడిని అరచేతి ఆకారానికి తగినట్టు చెక్కుతారు. కుడిచేతి, ఎడమచేతి రకాలూ, చిన్న, మధ్య, పెద్ద కొలతలూ వేరువేరుగా దొరుకుతాయి. కింద అరచేతి అంచును ఆనించే పలకను పైకీ కిందికీ జరుపుకోవచ్చు. కాలికి పట్టని చెప్పుతో నడక ఎలా చెడుతుందో చేతికి పట్టని పిడితో గురి అలా చెడుతుంది. అందువల్ల కొలత విషయంలో సర్దుకుపోవడం తగదు.

పిడి నప్పిందో లేదో తేల్చే పరీక్షను ఏ రేంజ్‌లోనైనా రెండు నిమిషాల్లో చేయవచ్చు. ఖాళీ పిస్టల్‌ను పట్టుకుని, లక్ష్యం వైపు చెయ్యి చాచి, కళ్లు మూసుకుని, భుజాన్ని వదులుగా ఉంచి రెండు మూడు ఊపిరులు తీసుకున్న తరువాత కళ్లు తెరవాలి. ముందు పలక వెనుక గాడి మధ్యలోనే కనిపిస్తే పిడి చేతికి కుదిరినట్టు. ప్రతిసారీ ఎడమకో కుడికో, పైకో కిందికో ఒకే వైపు తొలగి ఉంటే, మణికట్టును బలవంతంగా తిప్పి సరిచేస్తేనే సైట్లు కూడుతాయన్న మాట. అలా తిప్పిన మణికట్టు అరవై షాట్ల పోటీలో నలభయ్యో షాట్ నాటికి అలసిపోయి తన సహజ స్థితికి జారుతుంది. పిడి కొద్దిగా తేడాగా ఉంటే ఆకురాయితో రుద్దీ, చెక్క పుట్టీ నింపీ సరిచేసుకోవడం షూటర్లందరికీ తెలిసిన పనే. అయితే పిడి మణికట్టును దాటి ఆసరా ఇచ్చేలా ఉండకూడదన్న అంతర్జాతీయ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

పిడి కొలతకు ముందే తేలవలసిన విషయం ఏ కన్ను ప్రధానమన్నది. రెండు అరచేతులను చాచి, వాటి మధ్య చిన్న సందు ఉంచి, దూరపు వస్తువొకదాన్ని రెండు కళ్లతో ఆ సందులోంచి చూసి, ఒక్కో కన్నూ మూసి పరీక్షిస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు వస్తువు సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం. కుడిచేతివాటం ఉండి ఎడమ కన్ను ప్రధానమైనవారు ఏ చేతి పిస్టల్ కొనాలన్నది కోచ్‌తో మాట్లాడి తేల్చుకోవాలి.

బరువు కూడా పిడితో ముడిపడినదే. నియమాల ప్రకారం ఎయిర్ పిస్టల్ బరువు 1,500 గ్రాములు మించకూడదు. వాడుకలో ఉన్నవి చాలావరకు కిలోకు అటూ ఇటూగా తూగుతాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు ఆ బరువు భుజానికి భారమవుతుంది కనుక పలు కంపెనీలు పొట్టి బ్యారెల్ నమూనాలను తయారుచేస్తున్నాయి. వాటిలో సైట్ల మధ్య దూరం తగ్గడం వల్ల కూర్పులోని తప్పు లక్ష్యం మీద మరికొంత పెద్దదిగా కనిపించినా, లేత భుజాన్ని కాపాడుకోవడం కోసం ఆ నష్టాన్ని భరించడమే సమంజసం.

ట్రిగ్గర్ చెప్పే నిజం

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువును మోయగలగాలి. పోటీకి ముందు పరికరాల తనిఖీ బల్ల దగ్గర బ్యారెల్‌ను నిటారుగా పట్టుకుని, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకపు రాయిని తగిలించి పైకి లేపుతారు. ట్రిగ్గర్ జారకుండా రాయి లేస్తేనే ఆ పిస్టల్‌కు అనుమతి దొరుకుతుంది. మంచి ట్రిగ్గర్‌ను రెండు అంచెల్లో లాగుతారు. మొదటి అంచెలో వేలు సాఫీగా కొంత దూరం కదిలి ఒక గట్టి చోట ఆగుతుంది. రెండో అంచెలో చాలా కొద్ది ఒత్తిడికే, కదలిక కనిపించకుండా షాట్ పేలుతుంది. ఆగే చోటు ప్రతిసారీ ఒకేలా తెలియని ట్రిగ్గర్ కొత్త షూటర్‌ను గందరగోళంలో పడేస్తుంది. తప్పు వేలిదో యంత్రానిదో అతనికి తేలదు.

ట్రిగ్గర్లలో యాంత్రికమైనవీ, బ్యాటరీతో పనిచేసే ఎలక్ట్రానిక్‌వీ ఉన్నాయి. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ శుభ్రంగా, ఒకే తీరుగా విడిపోతుంది గానీ మరమ్మతు వస్తే ఇంటి దగ్గర సరిచేసుకోవడం కష్టం. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీలో పిస్టల్ మొరాయించి మను భాకర్ ఎంతో విలువైన సమయం కోల్పోయిన సంగతి దేశమంతా చూసింది. ఏ రకమైనా మంచిదే. ఆ నమూనాను బాగుచేయగలిగినవారూ, విడిభాగాలూ దగ్గరలో ఉన్నాయా అన్నది విచారించుకుని కొనడం వివేకం. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ లాగి సాధన చేసే డ్రై ఫైరింగ్ సౌకర్యం మాత్రం తప్పక ఉండాలి, ఎందుకంటే కొత్త షూటర్ నేర్చుకునేదానిలో సగానికి పైగా ఆ సాధనలోనే ఒంటబడుతుంది.

గాలి ఎక్కడి నుంచి

పెల్లెట్‌ను నెట్టే గాలి పిస్టల్‌లోకి వచ్చే తీరును బట్టి మూడు రకాలు ముఖ్యమైనవి. తిరనాళ్లలో బెలూన్లు పేల్చే తుపాకీల్లో మాదిరి స్ప్రింగుతో పనిచేసేవి చవకగా దొరుకుతాయి. అయితే పెల్లెట్ బ్యారెల్ దాటకముందే లోపలి పిస్టన్ ముందుకు దూకి పిస్టల్‌ను కుదుపుతుంది కాబట్టి చేతి తప్పునూ యంత్రపు కుదుపునూ విడదీసి చూడడం సాధ్యం కాదు. జర్మనీకి చెందిన ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1965లో తెచ్చిన నమూనాలో పైభాగం జారుతూ ఆ కుదుపును మింగేసే ఏర్పాటు చేసింది. ఆ పరిష్కారం అవసరమైందంటేనే సమస్య ఎంత పెద్దదో అర్థమవుతుంది. రెండో రకంలో షాట్ షాట్‌కూ ఒక మీటను ఒకసారి తెరిచి మూసి గాలిని బిగిస్తారు. రష్యాలో తయారైన ఐజెడ్‌హెచ్-46ఎం ఈ తరహాలో పేరు పొందింది. కుదుపు లేకపోవడం, సిలిండర్ అక్కర్లేకపోవడం దీని గుణాలు. అరవై సార్లు మీట లాగడం వల్ల చెయ్యి అలసిపోవడం దోషం. మూడోది నేటి పోటీలన్నింటిలో కనిపించే, 200 బార్ ఒత్తిడితో ముందే నింపిన సిలిండర్ గల రకం. ఆస్ట్రియాకు చెందిన స్టెయర్, స్విట్జర్లాండ్‌కు చెందిన మోరిని, జర్మనీకి చెందిన వాల్థర్, ఇటలీకి చెందిన పార్దినీ పిస్టళ్లు ఈ కోవలోవే. పోటీల వైపు సాగాలని నిశ్చయించుకున్నవారికి ఇదే సరైన రకం.

పాతదైనా పరవాలేదు

దిగుమతి అయిన కొత్త పోటీ పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. ఆ భారం మోయలేనివారు నిరుత్సాహపడనక్కర్లేదు, ఎందుకంటే జాగ్రత్తగా వాడిన పిస్టల్ పదిహేనేళ్ల తరువాత కూడా కొత్త షూటర్ గురి కంటే మెరుగ్గానే పేలుతుంది. పాతది కొనేటప్పుడు మొదట సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడాలి; కంపెనీలు సాధారణంగా పదేళ్ల గడువు ఇస్తాయి, గడువు దాటిన సిలిండర్ వాడకపోవడం షూటర్ బాధ్యత అని పోటీ నియమాలు చెబుతున్నాయి. సిలిండర్ నింపి, ఒత్తిడి ఎంతో రాసుకుని, రాత్రంతా ఉంచి మర్నాడు చూస్తే లోపలి రబ్బరు సీళ్లు గాలిని నిలుపుతున్నాయో లేదో తెలిసిపోతుంది. ఆ తరువాత పిస్టల్‌ను ఆసరా మీద కదలకుండా బిగించి అయిదు షాట్లు పేల్చి చూడాలి. దాదాపు ఒకే రంధ్రంలోంచి అన్నీ వెళ్తే బ్యారెల్ గురించి బెంగ అక్కర్లేదు.

మిగిలిన హంగుల విషయంలో తొందరపడనక్కర్లేదు. పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్ల ఎయిర్ పిస్టల్ పోటీలో మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ జంట కాంస్యం గెలిచిన రోజునే, ప్రత్యేక కళ్లద్దాల అమరిక ఏదీ లేకుండా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడిన టర్కీ షూటర్ యూసుఫ్ దికెచ్ తన జోడీతో కలిసి రజతం అందుకున్నాడు. హంగులు తగ్గించుకున్నా అతని చేతిలోని పిస్టల్ మాత్రం పోటీ స్థాయిదే. ఖర్చు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భద్రత ఎంపికలో భాగమే

ఆరు జౌళ్ల శక్తి కంటిచూపును శాశ్వతంగా పోగొట్టడానికి చాలు. అందువల్ల పిస్టల్‌తో పాటే తాళం వేసే పెట్టె, రక్షణ కళ్లద్దాలు, బ్యారెల్‌లో దూర్చి ఉంచే రంగు తీగ కొనాలి. ఆ తీగ పైకి కనిపిస్తున్నంతసేపూ పిస్టల్ ఖాళీగా ఉందని రేంజ్‌లోని అందరికీ తెలుస్తుంది. పిస్టల్ ఖాళీ అని తెలిసినా నిండుగా ఉన్నట్టే భావించి దాని మూతిని ఎప్పుడూ లక్ష్యం వైపే ఉంచడం, గురి కుదిరే దాకా వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచడం ప్రాణసమానమైన నియమాలు. పెల్లెట్లు సీసంతో చేసినవి కనుక సాధన ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కున్న తరువాతే తినాలి. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే పెల్లెట్ల డబ్బాను పిస్టల్‌తో కలిపి ఉంచకూడదు. ఈ క్రమశిక్షణ పాటించలేని ఇంటికి ఎంత మంచి పిస్టలైనా తగినది కాదు.

ఎప్పుడు కొనాలి

ఇన్ని విషయాలూ తెలిసిన తరువాత కొత్త షూటర్‌కు ఇవ్వదగిన సలహా, కొన్నాళ్లు ఆగమనే. హైదరాబాద్ గచ్చిబౌలి రేంజ్ మొదలుకుని చిన్న పట్టణాల క్లబ్బుల దాకా పలుచోట్ల నేర్చుకునేవారికి అద్దె పిస్టళ్లు దొరుకుతాయి. మూడు నాలుగు నెలలు రెండు మూడు రకాల పిస్టళ్లు వాడితే తన చేతి కొలత, ప్రధాన నేత్రం, భుజం మోయగల బరువు, వేలికి నచ్చే ట్రిగ్గర్ ఏమిటో షూటర్‌కే తెలుస్తుంది. అప్పుడు దుకాణంలో అమ్మేవారి మాట కంటే తన అనుభవాన్నే నమ్ముకోగలుగుతాడు. జిల్లా, రాష్ట్ర పోటీలు దాటి, 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘం తొలి అధ్యక్షుడు జి.వి.మావలంకర్ పేరిట జరిగే పోటీకి, అక్కడి నుంచి జాతీయ స్థాయికి సాగే దారి పొడవైనది. ఆ దారిలో ముందు ముందు పిస్టళ్లు మారవచ్చు; మొదటి పిస్టల్‌తో చేతికి అబ్బిన అలవాటును మార్చుకోవడం మాత్రం ఎంతో కష్టం. అందుకే ఆ తొలి ఎంపికకు ఎంత ఓపిక పెడితే అంత మేలు.