ఏఐ రాసిచ్చాక ఫ్రెషర్ నేర్చుకునేదేమిటి?

కోటబొమ్మాళి నుంచి టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీకి బస్సెక్కే పిల్లల ఇళ్లలో ఇప్పుడు ఒకటే మాట: "పోగ్రాములన్నీ ఏఐ రాసీస్తందట కదా, మరి మావోడికి ఉజ్జోగం వస్తాదేటి?" ఆ భయం అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా నన్ను అంతకంటే ఎక్కువ కలవరపెట్టేది మరొకటుంది. ఉద్యోగం వచ్చాక ఆ పిల్లాడు పని ఎలా నేర్చుకుంటాడు?

ఇన్నాళ్లూ ఫ్రెషర్‌కి ముందు చిన్న పనులే ఇచ్చేవారు. చిన్న బగ్ సరిచేయడం, టెస్టులు రాయడం, పాత కోడ్‌లో ఒక గడి చేర్చడం. వాటివల్ల కంపెనీకి ఒరిగేది తక్కువే, పిల్లాడికి మాత్రం అదే బడి. 2022 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్, నవంబరులో చాట్‌జీపీటీ అనే ఏఐ పనిముట్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఇవి బాగా చేసేది సరిగ్గా ఆ చిన్న పనులే.

2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికా జీతాల రికార్డులు పరిశీలించారు. ఏఐ ప్రభావం ఎక్కువున్న వృత్తుల్లో 22–25 ఏళ్లవారి ఉద్యోగాలు, మిగతావారితో పోలిస్తే, 13 శాతం తగ్గాయని తేల్చారు. అనుభవజ్ఞుల ఉద్యోగాలు నిలబడ్డాయి. పుస్తకాల్లో దొరికే విద్య యంత్రానికి ముందే వచ్చు, పనిలో పడి తెలుసుకునేది ఇంకా రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. అవి అమెరికా అంకెలు, మనకు యథాతథంగా వర్తించవు. కారణం మాత్రం ఇక్కడా ఆలోచించదగ్గదే.

పనిలో పడి తెలుసుకోవడమంటే ఏమిటో చూద్దాం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి కూలి లెక్క ప్రోగ్రాం కావాలనుకోండి. కూలి కిలోల లెక్కన. ఏఐని అడిగితే నిమిషంలో రాసిస్తుంది. కిలోలను రేటుతో గుణించి, వారం మొత్తం కూడుతుంది. రిజిస్టరులో ఒకామె పేరుకెదురుగా బుధవారం గడి ఖాళీగా ఉంటే, ఆ కోడ్ దాన్ని సున్నాగా తీసుకుని ముందుకెళ్లిపోవచ్చు. ఎర్రర్ రాదు, టెస్టులూ పాసవుతాయి. ఇంతకీ ఆమె ఆ రోజు పనికి రాలేదా, తూకం వేసినాయన రాయడం మరిచాడా? మరిచి ఉంటే ఆమె ఒక రోజు కష్టం గల్లంతైనట్టే. అది తేలాలంటే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి గుమస్తాను అడగాలి. ఖాళీ గడి దగ్గర ఆగి, ఆ ఫోన్ చేసేవాడే ఇంజినీరు. తన చేత్తో రాసిన ప్రోగ్రాం ఇలాంటిచోట తప్పితే, రాత్రిదాకా కూర్చుని వెతికినవాడికే ఆ ఆగడం అలవాటవుతుంది.

అనుభవజ్ఞులను సైతం ఈ పనిముట్లు మభ్యపెట్టగలవు. 2025లో మీటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది ఆరితేరిన డెవలపర్లను గమనించింది. ఏఐతో తమ పని 20 శాతం వేగంగా అయిందని వాళ్లనుకున్నారు. నిజానికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది.

అలాగని వాడొద్దనను, వాడకపోతే కుదరదు కూడా. ఫ్రెషర్ ముందు కాసేపు సొంతంగా ప్రయత్నించి, తర్వాత ఏఐని అడగాలి. ఇచ్చిన కోడ్‌లో ఏ వరుస ఎందుకుందో సీనియర్‌కి నోటితో చెప్పగలిగాకే పంపాలి. సీనియర్లూ ఆ వినే ఓపిక చూపాలి. చిన్న పనులన్నీ యంత్రానికే అప్పగించే కంపెనీకి పదేళ్ల తర్వాత సీనియర్లు ఎక్కడినుంచి వస్తారు?

కాలేజీలైతే ల్యాబ్ వైవాతోనే మొదలుపెట్టవచ్చు. రికార్డులో ఉన్న ప్రోగ్రాంలో ఒక షరతు మార్చి, "ఇప్పుడేమవుతుంది?" అని అడిగి, రన్ చేయకముందే జవాబు చెప్పించాలి.