చేయి కాలును, గది కాగదు

చలికి మన పల్లెలు ఎరిగిన మందులు రెండు: నెగడు, కంబళి. నెగడు ముందు కూర్చున్నవానికి ముఖము కాలును గాని వీపు వణకును. ఒకచోట మంట పెట్టి ఇల్లంతయు సమముగా వెచ్చపరచు విద్య పాశ్చాత్యులకు తెలియునని చిన్ననాడు చదివి ఆశ్చర్యపడినాను. నిరుడు డిసెంబరులో ఇంగ్లండుకు వెళ్లి, లీడ్సు నగరమున మా అమ్మాయి ఇంట నెల దినములు గడిపిన పిమ్మట, ఆ విద్యలో ఒక చిన్న లెక్క తప్పినచో ఏమగునో కూడ తెలిసివచ్చినది.

ఆ విద్య స్వరూపమిది. వంటింటి గోడకు తగిలించిన బాయిలరు గ్యాసుమంటతో నీటిని కాచును. పంపు ఆ నీటిని గొట్టములవెంట గదిగదికి తరుమును. ప్రతి గదిలోను గోడకు ఆనించిన బోలు ఉక్కుపలక ఒకటి ఉండును. దానినే రేడియేటరు అందురు. నీరు తన వేడిని ఆ పలక ద్వారా గదికి విడిచి, చల్లబడి, మరల కాగుటకు బాయిలరును చేరును. గానుగెద్దువలె ఆ నీరే చలికాలమంతయు తిరుగుచుండును. గది తగినంత కాగగానే మంటను ఆపించు కావలివాని పేరు థర్మోస్టాటు.

మా అమ్మాయి ఇంట ఇవన్నియు ఉన్నవి. థర్మోస్టాటు 20 డిగ్రీల వద్ద ఉన్నది. రేడియేటరుపై చేయి పెట్టినచో చుర్రుమనుచున్నది. అయినను ముందుగదిలో కూర్చున్న నాకు పాదములు కొంకర్లు పోవుచున్నవి. "నాన్నగారూ, మీకు అలవాటు లేదు. నాలుగు రోజులు పోతే సరిపోతుంది" అన్నది అమ్మాయి. గోదావరి ఎండలు తిన్న శరీరము కదా, నిజమే కాబోలునని నేనును సరిపెట్టుకొన్నాను. కాని ఆ మాట చెప్పిన ఆమె ఒంటిమీద రెండు స్వెట్టర్లున్నవి. ఆ ఊళ్లోనే పుట్టిన ఆరేండ్ల మనుమడు ఒక చేతిని దుప్పటిలో దాచుకొని రెండవ చేతితో అక్షరములు దిద్దుచున్నాడు. వానికేమి అలవాటు లేదు?

బజారునుండి ఉష్ణమాపకము తెప్పించి బల్లపై పెట్టినాను. 16 డిగ్రీలు చూపినది. చలిదేశములలో ఇంటిలోపల కనీసము 18 డిగ్రీలుండుట క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించినది. కనుక దోషము మా శరీరములది కాదు.

దోషము బాయిలరుదని అంతకు ముందటి యేడే ఒకరు నిర్ణయించి, పెద్ద మొత్తము పుచ్చుకొని, పాతది తీసి కొత్తది పెట్టినారట. గ్యాసు ఆదా కావలెనని నీటివేడిని కొంత తగ్గించి పోయినారట. ఆనాటినుండి చలి ఇంకను హెచ్చినది!

పొరుగింట ఒక వృద్ధుడున్నాడు. ఇండ్లకు ఈ గొట్టములు అమర్చుటయే ఆయన పూర్వవృత్తి. ఒకనాడు తేనీటికి పిలిచి సంగతి చెప్పినాము. ఆయన బాయిలరు వంక చూడనైన లేదు. జేబులోనుండి టేపు తీసి గది పొడవు వెడల్పులు, కిటికీలు, చివరకు రేడియేటరు కొలిచినాడు. ఇవి ఒకప్పుడు రెండు గదులు కదా అని అడిగినాడు. నిజమే. ఇల్లమ్మినవారు నడిమిగోడ పడగొట్టి ఒకే గది చేసినారు. సోఫాకు చోటు చాలదని రెండు రేడియేటర్లలో ఒకదానిని తీసివేసినారు.

ఆయన వేసిన లెక్క విద్యార్థులకు పనికివచ్చును. బయట సున్న డిగ్రీలున్నప్పుడు లోపల 20 డిగ్రీలు నిలుపుటకు ఆ గదికి సుమారు 2,000 వాట్ల వేడి కావలెను. గోడలు, కిటికీలు, తలుపుసందులు అంత వేడిని బయటికి జారవిడుచుచున్నవి. ఉన్న రేడియేటరు ఇచ్చునది సుమారు 1,500. పోవునది ఎక్కువ, వచ్చునది తక్కువ అయినప్పుడు గది 20ని అందుకొనలేదు. రెండును సమమైన చోటనే ఆగిపోవును. ఆ చోటే మా 16 డిగ్రీలు. ఇక రేడియేటరు ఇచ్చు వేడి రెండింటిపై ఆధారపడును: పలక వైశాల్యము, నీటికిని గదికిని గల ఉష్ణోగ్రతల తేడా. ఆ తేడా 50 డిగ్రీలుండగా 1,000 వాట్లిచ్చు పలక, తేడా 30కి దిగినచో సుమారు 500 మాత్రమే ఇచ్చును. నీటివేడి తగ్గించిననాటినుండి చలి హెచ్చుటకు కారణమిదియే.

చెరువు నిండుగా ఉన్నను తూము ఇరుకైనచో చివరిపొలము ఎండును. తెలిసిన రైతు తూమును వెడల్పు చేయించును గాని రెండవ చెరువు త్రవ్వించడు. మావాళ్లు చెరువునే మార్చినారు!

నేను బయలుదేరుటకు ముందువారము పాత పలుచని పలకను తీయించి, అంతే పొడవున జంటపలకలును వాటి నడుమ ముడుతల రేకులును గల రేడియేటరు పెట్టించినారు. దాని శక్తి పాతదానికి రెట్టింపునకు మించినది. ఖర్చు బాయిలరు ఖర్చులో స్వల్పభాగము. ఆ సాయంకాలము ఉష్ణమాపకము 20 చూపినది. మనుమని రెండవ చేయి దుప్పటిలోనుండి బయటికి వచ్చినది.

బ్రిటనులో ఇప్పుడు గ్యాసు బాయిలర్లకు బదులు, బయటి గాలినుండి వేడిని తోడు హీటు పంపులను ప్రభుత్వము ప్రోత్సహించుచున్నది. అవి 45 డిగ్రీల వంటి తక్కువ వేడి గల నీటితో పొదుపుగా పనిచేయును. అనగా పలకలు ఇంకను పెద్దవి కావలెను. కొలత వేయక యంత్రము మార్చువారికి మావారి అనుభవమే కలుగును.

తిరుగు ప్రయాణములో నన్ను వేరొక తలపు పట్టుకొన్నది. ముప్పది యేండ్లుగా పాఠము చెప్పుచున్నాను. పాఠము అందని పిల్లవానితో "నీకు అలవాటు లేదు, పోను పోను వచ్చును" అని ఎన్నిమార్లు అన్నానో! చెరువు నిండుగా ఉన్నదని తృప్తిపడినాను గాని, టేపు తీసి తూమును కొలిచినది ఎన్నడు?