వేయి దినములు, వేయి యిండ్లు

వాణిజ్యసంస్థలకు సలహాలు చెప్పి జీవించినవాడు నగరపాలనకు వచ్చినచో నేమగునో విచారించి వ్రాయుమని సంపాదకులు ఆదేశించి, గడువును స్వల్పముగానే యిచ్చిరి. అందుకై అమెరికాలో, ఇండియానా రాష్ట్రమందలి సౌత్ బెండ్ నగరమునకు 2012 మొదలు ఎనిమిదేండ్లు మేయరుగా నుండిన పీట్ బుటిజెజ్ వృత్తాంతమును చదువబూనితిని. కాని ఆయన జీవితముకంటె, 2013 ఫిబ్రవరిలో ఆయన పురజనుల యెదుట చేసిన యొక ప్రతిజ్ఞయే నన్ను విడువలేదు.

పూర్వకథ క్లుప్తముగా నిది: ఆ యూరికి అన్నము పెట్టిన స్టూడ్‌బేకర్ కార్ల కర్మాగారము 1963 డిసెంబరున మూతపడెను, లక్షా ముప్పదివేలకు పైబడిన జనము కాలక్రమమున లక్షకు దిగెను. అక్కడనే పుట్టి, హార్వర్డులోను ఆక్సుఫర్డులోను చదివి, వాణిజ్యసంస్థలకు సలహాలు చెప్పు మెకిన్సే సంస్థలో కొన్నేండ్లు పనిచేసి, 2010లో రాష్ట్ర కోశాధికారి పదవికి పోటీచేసి ఓడిన యువకుని, మరుసటి యేడు ఇరువదితొమ్మిదవయేట పురజనులు మేయరుగా నెన్నుకొనిరి.

ఇక ఆ ప్రతిజ్ఞ: వేయి దినములలో వేయి పాడుపడిన యిండ్లు బాగుపడుటయో, నేలమట్టమగుటయో జరుగవలెను. పాలకులు సాధారణముగా "యథాశక్తి", "త్వరలో" అను మాటల చాటున దాగుదురు. ఈయనయో సంఖ్యను, గడువును బహిరంగముగా చెప్పి, తప్పినచో నిందింపుడని ప్రజలకు కొలబద్ద నిచ్చెను. ఈ సాహసమును నేను మనఃపూర్వకముగా గౌరవింతును. ఇంటి యజమాని యెవరో తేల్చుట, తాఖీదు లిచ్చుట, విచారణ జరుపుట, కూల్చుటకు ధనము సమకూర్చుట అను నిన్ని చిక్కులున్నను, 2015లో గడువు రాకమునుపే లెక్క పూర్తియయ్యెను.

అయితే ఆ లెక్కలో బాగుపడిన యిల్లును ఒకటే, కూలిన యిల్లును ఒకటే. ఐదింట సుమారు రెండు మాత్రమే బాగుపడినవి; తక్కినవి కూలినవి. నల్లవారును, లాటినో కుటుంబములును అధికముగా నివసించు పేటలలో, కొంచెము కొంచెముగా బాగుచేసికొని కాపురముండవలెనని ఇల్లు కొన్న పేదలు, తాఖీదులకును జరిమానాలకును తాళలేక తల్లడిల్లిరని విమర్శ వచ్చెను. ఆ విమర్శ న్యాయమని నా విశ్వాసము. సంస్థకు సలహా చెప్పువాడు నష్టపు శాఖను మూయుమని చెప్పి వెడలిపోవచ్చును. మేయరైనవాడు ఆ మూతపడిన గడప యెదుటివారినే మరల వోటడుగవలెను. తరువాతి కాలమున పేద గృహస్థుల మరమ్మతులకు నగరమే ధనసాహాయ్యము చేయ మొదలిడుట, నా దృష్టిలో, ఆ వేయి యిండ్ల లెక్కకంటె పెద్ద ఫలము. గడువు పెట్టిననాడే ఆ సాయమును కూడ పెట్టియుండిన నెన్ని కొంపలు నిలిచియుండెడివో!

మరికొన్ని సంగతులు

• పౌరుల ఫిర్యాదులకు 311 అను ఒకే టెలిఫోను సంఖ్య ఆయన హయాములో వచ్చెను.

• నగరమధ్యమున ఒకే దిక్కునకు సాగు వీథులను ఇరుదిక్కుల రాకపోకలకు మార్చిరి.

• 2014లో ఆయన నౌకాదళపు రిజర్వు అధికారిగా ఆఫ్ఘనిస్తానమున కొన్ని మాసములు పనిచేసెను.

• 2020లో మేయరు పీఠ మెక్కిన జేమ్స్ ముల్లర్ పూర్వము ఆయన కార్యాలయముననే పనిచేసినవాడు.