వేగం రెట్టింపు – ముప్పు నాలుగింతలు

కాశ్మీరం నుండి కన్యాకుమారి వరకు సాగే 44వ జాతీయ రహదారి ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా పోతుంది. ఇటువంటి రహదారులు దేశంలోని దూరప్రాంతాలను సన్నిహితం చేశాయి. కాని వాటిపై పెరిగిన వేగానికి దేశం చెల్లిస్తున్న మూల్యం స్వల్పమైనది కాదు. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ఆ మరణాలలో నూటికి 71 అతివేగం వల్ల సంభవించినవిగా కేంద్ర ప్రభుత్వ నివేదిక పేర్కొన్నది. వేగం కొద్దిగా పెరిగినంత మాత్రాన నష్టం అంత తీవ్రంగా ఎందుకు పెరుగుతుంది? దీనికి సమాధానం భౌతికశాస్త్రంలో ఉన్నది.

శక్తి లెక్క

కదిలే ప్రతి వస్తువులోను గతిశక్తి ఉంటుంది. వాహనం బరువు రెట్టింపైతే ఆ శక్తి కూడా రెట్టింపవుతుంది. వేగం రెట్టింపైతే మాత్రం శక్తి నాలుగింతలవుతుంది. వేగం మూడింతలైతే శక్తి తొమ్మిదింతలు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి, అనగా మూడంతస్తుల మేడపై నుండి, నేలమీద పడటంతో సమానం. 100 కిలోమీటర్ల వేగానికి ఆ ఎత్తు 20 మీటర్లు కాదు, దాదాపు 40 మీటర్లు.

ఒక ప్రమాదం, మూడు తాకిడులు

కారు ఢీకొన్నప్పుడు నిజానికి మూడు తాకిడులు జరుగుతాయి. మొదట వాహనం అడ్డును తాకి ఆగుతుంది. లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోయి స్టీరింగుకో, అద్దానికో కొట్టుకోవడం రెండవది. శరీరం ఆగినా లోపలి అవయవాలు ఆగక, మెదడు కపాలానికి, గుండె రొమ్ము ఎముకకు ఒత్తుకొనడం మూడవది. పైకి గాయం కనిపించకపోయినా ప్రాణాపాయం కలగడానికి ఇదే కారణం.

శరీరంపై పడే బలం, అది ఎంత దూరంలో ఆగిందన్న దానిపై ఆధారపడుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడను తాకి, ముందుభాగం 60 సెంటీమీటర్లు నలిగి ఆగిందనుకుందాం. బెల్టు ధరించిన మనిషి కూడా అంతే దూరంలో ఆగితే, అతనిపై సగటున తన బరువుకు 16 రెట్ల బలం పడుతుంది. ఒడిలోని 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో 160 కిలోల బరువవుతుంది. ఏ తల్లి చేతులూ ఆ బరువును నిలుపలేవు. బెల్టు లేనివారు కొద్ది సెంటీమీటర్లలోనే ఆగవలసివస్తుంది గనుక వారిపై పడే బలం ఎన్నో రెట్లు అధికం.

ఈ సూత్రం ఆధారంగానే 1959లో వోల్వో సంస్థ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిందువుల సీటు బెల్టు కార్లలోకి వచ్చింది. అదే సంవత్సరం బేలా బరేని భావన ననుసరించి, ఢీకొన్నప్పుడు ముందు వెనుక భాగాలు నలిగి శక్తిని గ్రహించే మెర్సిడెస్ కారు వెలువడింది. అయితే ఏ నిర్మాణానికైనా పరిమితి ఉన్నది. 2023లో ప్రారంభమైన భారత్ ఎన్‌క్యాప్ పథకంలో కార్లను ఎదుటి నుండి ఢీకొట్టించి పరీక్షించే వేగం 64 కిలోమీటర్లు. 100 కిలోమీటర్ల వద్ద శక్తి అంతకు దాదాపు రెండున్నర రెట్లు. ఆ పరీక్షలో లభించిన నక్షత్రాలు అంతటి వేగానికి హామీ కావు.

పాదచారి పరిస్థితి

కారులోని వారికి బెల్టు, నలిగే లోహం ఉన్నాయి. పాదచారికి ఏ రక్షణా లేదు. పొడి రోడ్డుపై 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే డ్రైవరుకు 28 మీటర్ల దూరంలో ఒక బాలుడు అడ్డువచ్చాడనుకుందాం. ప్రమాదాన్ని గ్రహించి బ్రేకు నొక్కడానికి ఒక క్షణం పడితే కారు 14 మీటర్లు పోతుంది. మిగిలిన 14 మీటర్లలో అది బాలునికి చేరువలో ఆగుతుంది. అదే కారు 65 కిలోమీటర్ల వేగంతో వస్తే, ఆ క్షణంలోనే 18 మీటర్లు గడచిపోతాయి. బాలుని తాకేసరికి దాని వేగం ఇంకా 49 కిలోమీటర్లు ఉంటుంది. ఒక సందర్భంలో భయం మాత్రమే మిగులుతుంది. రెండవ సందర్భంలో ప్రాణమే పోవచ్చు.

మితవేగం వల్ల లాభం

సగటు వేగం నూటికి ఒక పాలు పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నూటికి నాలుగు పాళ్లు పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వేగం అంతే తగ్గితే, దాదాపు అదే నిష్పత్తిలో ప్రాణాలు దక్కుతాయి. 10 కిలోమీటర్ల దూరాన్ని 50కి బదులు 60 కిలోమీటర్ల వేగంతో పోతే మిగిలేది రెండు నిమిషాలు. పెరిగే విధ్వంసక శక్తి నూటికి 44 పాళ్లు. పాదచారులు, సైకిళ్లు, ఎడ్లబండ్లు, లారీలు ఒకే రోడ్డును పంచుకునే ఈ దేశంలో, పాఠశాలలు, గ్రామాలు, సంతలు ఉన్నచోట వేగం తగ్గించడం తోటిపౌరుని ప్రాణానికి ఇచ్చే గౌరవం.