కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? నెట్ అందని ఊరికి తీసుకెళ్లే ముందు ఎక్కించుకోవాల్సిన ఫ్రీ సాఫ్ట్‌వేర్

మా బాబాయి కొడుకు డిగ్రీ సెకండియర్ చదువుతున్నాడు. వాళ్లది చర్ల దగ్గర ఊరు. మిర్చి అమ్మిన డబ్బులు చేతికి రాగానే ల్యాప్‌టాప్ కొందామని వాళ్ల నాన్నతో కలిసి ఖమ్మం వచ్చాడు. బిల్లు కట్టేశాక షాపులోంచే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఐదొందలిస్తే ఆఫీస్, ఫొటోషాప్, యాంటీవైరస్ అన్నీ ఎక్కించిస్తామంటున్నారు. లైఫ్‌టైమ్ అంట. ఎక్కించుకోనా?"

వద్దురా, డబ్బా సీల్ తీయకుండా రూమ్‌కి తీసుకురా అన్నాను. సాయంత్రం భద్రాచలం బస్సు ఎక్కేలోపు మా వైఫై మీద ఏమేం ఎక్కించామో, ఏవి కావాలనే వదిలేశామో ఈ ఆర్టికల్‌లో చెప్తాను. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్లేకొద్దీ సిగ్నల్ ఒక గీతకి పడిపోయే ఊళ్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట "తర్వాత డౌన్‌లోడ్ చేసుకుందాంలే" అనే మాట నడవదు. అందుకే మా లెక్క సింపుల్. నెట్ లేకపోయినా పనిచేయాలి, తెలుగు సరిగ్గా రావాలి, తయారు చేసినవాళ్ల సొంత సైటు నుంచే దిగాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా దాన్ని పక్కన పెట్టేశాం.

ఆ ఐదొందల ప్యాకేజీ ఎందుకు వద్దంటే

షాపుల్లో "ఫుల్ లోడ్" అని ఇచ్చేదాంట్లో చాలాసార్లు ఉండేది క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. అది పనిచేయాలంటే యాక్టివేటర్ అనే చిన్న ప్రోగ్రామ్ రన్ చేయాలి. దాన్ని రన్ చేసే ముందు "డిఫెండర్ ఆఫ్ చేయండి" అంటారు. అక్కడే ఆగిపోవాలి ఫ్రెండ్స్. ఇంటికి తాళం వేయొద్దని చెప్పే మనిషిని ఇంట్లోకి రానిస్తామా? 2021 డిసెంబర్‌లో రెడ్ కెనరీ అనే సెక్యూరిటీ కంపెనీ దీని మీద ఒక రిపోర్ట్ ఇచ్చింది. కేఎంఎస్‌పికో అనే పాపులర్ యాక్టివేటర్ పేరుతో తిరుగుతున్న నకిలీ ఇన్‌స్టాలర్లలో క్రిప్ట్‌బాట్ అనే దొంగ ప్రోగ్రామ్ దొరికింది. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న వివరాలను, క్రిప్టో వాలెట్లను ఎత్తుకుపోవడమే దాని పని. స్కాలర్‌షిప్ లాగిన్, బ్యాంకు పాస్‌వర్డ్, ప్రాజెక్ట్ ఫైళ్లు అన్నీ ఉండే మెషీన్‌లోకి దాన్ని మనమే డబ్బులిచ్చి పిలుచుకోవడం అవుతుంది.

"ఫ్రీ" అనే ఇంగ్లీషు ముక్కతోనే సగం గందరగోళం. మన భాషలో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. 30 రోజుల ట్రయల్ ఉచితంగా మొదలై తర్వాత డబ్బులడుగుతుంది. క్రాక్ దొంగతనం. ఎవరైనా వాడుకోవచ్చు, కాపీ చేసి పంచుకోవచ్చు, కోడ్ తెరిచి చూడొచ్చు అని లైసెన్సులోనే రాసి ఇచ్చేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. హైదరాబాద్ కేంద్రంగా ఈ పని చేస్తున్న సంస్థ పేరు కూడా స్వేచ్ఛే. వాళ్లు తెలుగులో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కూడా తయారు చేశారు.

ముందు డబ్బాలో ఏముందో చూడండి

ఇది చాలామంది మర్చిపోతారు. మన దేశంలో అమ్మే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లతో పాటు మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కూడా వస్తుంది. మీరు కట్టిన రేటులోనే దాని ఖరీదు కలిసి ఉంటుంది. కొన్నిటికి పర్మనెంట్ ఆఫీస్ హోమ్ ఇస్తారు, కొన్నిటికి ఏడాది సబ్‌స్క్రిప్షన్ మాత్రమే. డబ్బా మీద, బిల్లు మీద ఏం రాశారో చూసుకోండి. మొదటిసారి లాగిన్ అయ్యేది మీ సొంత మెయిల్‌తోనే కావాలి. షాపు అబ్బాయి తొందరలో తన మెయిల్‌తో ఆన్ చేసేస్తే ఆ లైసెన్స్ ఆయన అకౌంట్‌కే అతుక్కుపోతుంది. యాక్టివేషన్‌కి గడువు కూడా ఉంటుంది కాబట్టి ఆ పని అదే రోజు చేసేయండి. మావాడి ల్యాప్‌టాప్‌లో పర్మనెంట్ ఆఫీస్ ముందే ఉంది. అంటే ఆ ఐదొందలు తనకి ఉన్నదాని మీదే దొంగది ఎక్కించడానికి అన్నమాట!

ఇంకోటి. విండోస్ 11 హోమ్ మొదటి సెటప్‌కి నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. ఊరికెళ్లాక డబ్బా తెరిస్తే అక్కడే ఇరుక్కుంటారు. కొన్ని మోడల్స్ ఎస్ మోడ్‌లో వస్తాయి, వాటిలో మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్స్ తప్ప ఏవీ ఇన్‌స్టాల్ కావు. స్టోర్‌లోకి వెళ్లి ఎస్ మోడ్‌లోంచి ఫ్రీగా బయటికి రావొచ్చు, కానీ మళ్లీ వెనక్కి వెళ్లడం కుదరదు.

ఆఫీస్ రాకపోతే లిబ్రేఆఫీస్

2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడిపోయి వచ్చిన ప్రాజెక్ట్ ఇది. ఓపెన్‌ఆఫీస్ పేరు ఇంకా సెర్చ్‌లో కనిపిస్తుంది గానీ, అసలు డెవలప్‌మెంట్ అంతా లిబ్రేఆఫీస్‌లోనే జరుగుతోంది. రికార్డులు, సెమినార్ స్లైడ్లు, మార్కుల లెక్కలు అన్నీ దీంతో అయిపోతాయి. ఇన్‌స్టాల్ చేయగానే రెండు పనులు చేయండి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కి వెళ్లి ట్యాబ్డ్ ఎంచుకోండి, వర్డ్ అలవాటున్నవాళ్లకి తేలిగ్గా ఉంటుంది. తర్వాత ఆప్షన్స్‌లో లోడ్/సేవ్ దగ్గర డిఫాల్ట్ ఫార్మాట్‌ని వర్డ్‌కి మార్చండి. లేకపోతే మీరు పంపిన ఫైలు మీ సార్ ఫోన్‌లో ఓపెన్ కాక తిట్లు పడతాయి. ఫైనల్ కాపీ ఎప్పుడూ పీడీఎఫ్‌గానే పంపండి. ఆఫ్‌లైన్ హెల్ప్ ఫైలు విడిగా ఉంటుంది, నెట్ లేని చోటికి వెళ్తున్నారు కాబట్టి అదీ దించుకోండి.

లోటు కూడా చెప్పాలి. ఎక్సెల్‌లో బరువైన మాక్రోలు రాసేవాళ్లకి ఇది పూర్తిగా సరిపోదు. బీకామ్ కంప్యూటర్స్ ల్యాబ్‌లో ఎక్సెలే కావాలంటే కాలేజీ మెషీన్ మీద చేసుకోవడమే నయం.

తెలుగు టైపింగ్: ఇక్కడ ఏమీ డౌన్‌లోడ్ చేయొద్దు

యూట్యూబ్‌లో ఇప్పటికీ "గూగుల్ తెలుగు ఇన్‌పుట్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్" అని లింకులు ఇస్తున్నారు. విండోస్ కోసం ఇచ్చిన ఆ టూల్‌ని గూగుల్ తన సైటులోంచి ఎప్పుడో తీసేసింది. ఇప్పుడు దొరికేవన్నీ ఎవరో దాచిపెట్టిన కాపీలు. వాటి అవసరమే లేదు, ఎందుకంటే 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ ఉంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు యాడ్ చేసి, దాని ఆప్షన్స్‌లో ఫొనెటిక్ ఎంచుకోండి. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. స్పీడు కావాలంటే ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. మొదటి వారం విసుగొస్తుంది, తర్వాత చూడకుండా కొట్టేస్తారు.

డీటీపీ సెంటర్లలో వాడే అను ఫాంట్ల గురించి ఒక మాట. పెళ్లికార్డుకి అవి అందంగానే ఉంటాయి. కానీ అవి యూనికోడ్ కాదు. ఆ మేటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, సెర్చ్ చేస్తే ఒక్క పదం దొరకదు. మీరు ఇవాళ టైప్ చేసింది పదేళ్ల తర్వాత కూడా తెరుచుకోవాలంటే యూనికోడే వాడండి. గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న ఫ్రీగా దొరుకుతాయి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ కొడితే చాలు.

లిబ్రేఆఫీస్‌లో తెలుగు ఫాంట్ మార్చినా మారట్లేదని చాలామంది అడుగుతారు. తెలుగుని అది కాంప్లెక్స్ టెక్స్ట్ కింద లెక్కేస్తుంది. ఆప్షన్స్‌లో రైటర్ కింద ఉండే బేసిక్ ఫాంట్స్ సీటీఎల్ పేజీలో మీ తెలుగు ఫాంట్ పెడితే సమస్య పోతుంది.

పోస్టర్లకి జింప్, బ్రోచర్లకి స్క్రైబస్ 1.6 తీసుకోండి. రెండిట్లోనూ ఒత్తులు సరిగ్గా పడతాయి. స్క్రైబస్ పాత 1.4 వెర్షన్ మాత్రం వద్దు, అందులో తెలుగు విరిగిపోయేది. జింప్ మొదట్లో ఫొటోషాప్ అంత సులువుగా ఉండదు, నేనూ తిట్టుకున్నాను. అయినా కాలేజీ ఫెస్ట్ పోస్టర్‌కి సరిపోతుంది.

నెట్ లేని రోజుల కోసం

నా లెక్కలో ఈ మొత్తంలో బెస్ట్ ఇది. కివిక్స్ అనే ఫ్రీ ప్రోగ్రామ్‌తో వికీపీడియా మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు. తెలుగు వికీపీడియా ఫైలు కూడా ఉంది. బొమ్మలతో ఉన్నది, బొమ్మలు లేనిది విడివిడిగా ఇస్తారు, డిస్క్‌లో చోటు చూసుకుని తీసుకోండి. మావాడి తమ్ముడు, చెల్లి ఇంటర్, టెన్త్ చదువుతున్నారు. ఆ ల్యాప్‌టాప్ ముగ్గురికీ లైబ్రరీ అవుతుందని రెండూ ఎక్కించాం.

ఫోన్‌లో ఫొటోలు, నోట్స్ ల్యాప్‌టాప్‌కి మార్చుకోవడానికి లోకల్‌సెండ్ పెట్టాం. రెండూ ఒకే హాట్‌స్పాట్ మీద ఉంటే చాలు, డేటా ఖర్చవదు. వీడియోలకి వీఎల్‌సీ, దీని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. జిప్ ఫైళ్లకి సెవెన్‌జిప్ చాలా చిన్నది, అయితే దానంతట అది అప్‌డేట్ కాదు, అప్పుడప్పుడూ మీరే కొత్త వెర్షన్ వేసుకోవాలి.

వెళ్లేముందు మావాడు ఆడాసిటీ కూడా అడిగాడు. వాళ్ల ఊళ్లో పెద్దవాళ్లు పాడే కోయ పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకున్నాడంట, వెనక వచ్చే గాలి శబ్దం తగ్గించాలి. ఆడాసిటీలో నాయిస్ రిడక్షన్ ఉంది. ముందు పాట లేని రెండు సెకన్ల ముక్క సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ తీసుకుని, తర్వాత మొత్తానికి అప్లై చేయాలి. మరీ ఎక్కువ పెడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. మన వైపు కోయని తెలుగు లిపిలోనే రాస్తారు కాబట్టి పాటల మాటలు పైన చెప్పిన కీబోర్డ్‌తోనే టైప్ చేసుకోవచ్చు.

వదిలేసినవి

వేరే యాంటీవైరస్ వేయలేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉంటే మామూలు వాడకానికి చాలు. కంపెనీ ముందే వేసిన ట్రయల్ యాంటీవైరస్ తీసేశాం, అది ఉన్నంతసేపూ డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది. పీసీ క్లీనర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు అసలే వద్దు. 2017లో సీక్లీనర్ ఒరిజినల్ ఇన్‌స్టాలర్‌లోకే హ్యాకర్లు మాల్‌వేర్ దూర్చారు. అవసరం లేని ప్రోగ్రామ్ ఒకటి తగ్గితే అంత రిస్క్ తగ్గుతుంది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు గూగుల్‌లో పైన కనిపించే యాడ్ లింక్ నొక్కొద్దు. 2022 చివర్లో జింప్ పేరుతో వచ్చిన యాడ్ ఒకటి నకిలీ సైటుకి తీసుకెళ్లి మాల్‌వేర్ అంటించింది. అడ్రస్ మీరే టైప్ చేయండి: లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్, వీడియోలాన్ డాట్ ఆర్గ్, జింప్ డాట్ ఆర్గ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ మామూలుగా చిన్న ఫైలే ఇస్తాయి, అది మళ్లీ నెట్‌లోంచి అసలుది లాగుతుంది. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలంటే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ తీసుకోండి.

డాస్ ల్యాప్‌టాప్ తీసుకున్నవాళ్లకి

రేటు తక్కువని విండోస్ లేని డాస్ మోడల్ కొనుంటే, క్రాక్ విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుకోండి. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ దాంతోనే వస్తాయి. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్స్ ఉంటాయి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి కూడా ఇదే సలహా. అయితే కాలేజీ ఏదైనా విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటుందేమో ముందే కనుక్కోండి.

చివరగా ఒక సెట్టింగ్. ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ చేయగానే వైఫై ప్రాపర్టీస్‌లో మీటర్డ్ కనెక్షన్ ఆన్ చేయండి. లేకపోతే విండోస్ అప్‌డేట్ ఆ రోజు డేటా మొత్తం తాగేస్తుంది. సిగ్నల్ బాగున్న చోటికి వచ్చినప్పుడు మాత్రం అప్‌డేట్స్ తప్పకుండా వేసుకోండి. మావాడు నెలకోసారి భద్రాచలం వచ్చినప్పుడు వేసుకుంటానన్నాడు. ఇన్‌స్టాలర్లన్నీ పెట్టిన పెన్‌డ్రైవ్ కూడా ఇచ్చి పంపాను. పక్కింటి వాళ్లూ ల్యాప్‌టాప్ కొంటున్నారంట.