కొత్త గిటార్ గురక పెడుతోందా?

సినిమా పాటలో హీరో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుని స్టేజీ అంతా గెంతుతుంటాడు. ఈసారి కాస్త పరకాయించి చూడండి... చాలా పాటల్లో ఆ గిటార్‌కి వైరే ఉండదు! ఫరవాలేదు లెండి, అసలు వాయించేవాళ్లు రికార్డింగ్ థియేటర్లో ఉంటారు. 1971 నాటి ‘హరే రామ హరే కృష్ణ’లో కుర్రకారుని ఊపేసిన ‘దమ్ మారో దమ్’కి గిటార్ పలికించింది గాయకుడు భూపీందర్ సింగ్ అని ఎంతమందికి తెలుసు?

తెర మీద లేని ఆ వైరు దగ్గరే మన ఇంట్లో అసలు కథ మొదలవుతుంది. నాన్నగారిని ఆర్నెల్లు బతిమాలి కొనిపించుకున్న గిటార్. ఆంప్లిఫయర్‌కి తగిలించి తీగ మీటగానే ‘బుయ్య్...’మని ఒకటే గోల. లేదా అసలు సడీ చప్పుడూ లేదు. గుండె గుభేల్‌మంటుంది కదూ! కానీ వెంటనే షాపువాడి మీద యుద్ధానికి బయల్దేరకండి. ముందు దొంగ ఎవరో తేల్చుకోవాలి.

గిటార్ మూగబోతే, దాని మీది వాల్యూం నాబ్ సున్నాలో ఉందేమో చూడండి. నవ్వకండి, జరిగే పనే ఇది! తర్వాత స్నేహితుడి వైరు తెచ్చి పెట్టండి. అప్పటికీ పలక్కపోతే అదే వైరుకి, అదే ఆంప్‌కి స్నేహితుడి గిటార్ తగిలించండి. అది పలికిందా, తప్పు మీ గిటార్‌దే. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి సుమా! అన్నీ కలిపి మార్చేస్తే దొంగ దొరకడు. కొన్ని గిటార్లలో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వైరు గుచ్చి వదిలేస్తే వాయించకపోయినా అది మెల్లగా ఖాళీ అవుతుంది.

ఇక గురక సంగతి. తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. ఉక్కు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. (నైలాన్ తీగలు వేస్తే మూగే!) అయితే ఆ చుట్ట తీగ కదలికతో పాటు ట్యూబ్‌లైటు, ఫ్యాను రెగ్యులేటరు, సెల్ ఛార్జరు చేసే అల్లరినీ పట్టేస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సైకిల్స్ కదా, ఆ గోలే మీరు వినేది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సేథ్ లవర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. రెండు చుట్టల్ని ఎదురుబొదురుగా కలిపితే గోలకి గోల చెల్లు. అదే హంబకర్. మీ గిటార్‌లో ఒంటి చుట్ట పికప్పులుంటే కాస్త గురక దాని పుట్టుకలోనే ఉంది. గిటార్ పట్టుకుని అటూ ఇటూ తిరగండి, ఒక దిక్కున తగ్గుతుంది.

తీగల మీద చెయ్యి వేయగానే గోల తగ్గితే అదీ మామూలే. చెయ్యి వేస్తే పెరిగిందా? లోపల ఎర్త్ వైరు ఊడి ఉండొచ్చు, మెకానిక్‌కి చూపించాల్సిందే.

ఇక్కడొక్క మాట గట్టిగా చెప్పాలి. గోల తగ్గుతుందని కొందరు ఆంప్ ప్లగ్గులో లావుపాటి ఎర్త్ పిన్ను విరగ్గొట్టేస్తుంటారు. ప్రాణాంతకం! 1972లో స్వాన్సీ నగరంలో ప్రదర్శన ఇస్తూ, స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వే ఎర్త్ లేని మైకు ముట్టుకుని చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్‌ని ఇంట్లోనే, గిటార్ వాయిస్తుండగా షాక్ పొట్టన పెట్టుకుంది. కాలేజీ వార్షికోత్సవానికో, వినాయక చవితి పందిరికో గిటార్ పట్టుకెళ్తే మొదట ఎర్త్ ఉందో లేదో అడగండి. వాయించడం తర్వాత.

నాబ్ తిప్పితే చిటపటలా? దుమ్ము. ఆంప్ ఆపేసి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. తీగ జరజరమంటోందా? ఆంప్‌లో వినబడకపోతే పట్టించుకోకండి. వినబడితే తీగ ఎత్తు సరిచేయించాలి. గ్యారంటీ ఉన్న గిటార్‌ని మాత్రం మీరే విప్పకండి. ఏ వైరుతో, ఏ ఆంప్‌తో, ఏ నాబ్ దగ్గర గోల వస్తోందో కాగితం మీద రాసి షాపుకి పట్టుకెళ్లండి.