బొంత ముక్కకు గంజి ఎంత?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్ర మట్టానికి 2,000 అడుగుల పైన ఉన్న ఊళ్లు. ధనుర్మాసం చలికి ఇక్కడ దుప్పటి ఒక్కటే ఆనదు, బొంత ఉండాల్సిందే. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టే మామూలు బొంతకు గంజితో పని లేదు. పైపొరను చదరాలు, ముక్కోణాలు అతికి వరస తప్పకుండా కుట్టాలనుకున్నప్పుడే చిక్కు. ఉతికి ఉతికి మెత్తబడిన చీర గుడ్డ కత్తెరకు జారుతుంది, మిషన్ కింద సాగుతుంది. బియ్యం గంజి పెడితే ఆ గుడ్డ మాట వింటుంది. ఎంత పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నదే లెక్క.

బొంతకు అంత కచ్చితం అవసరమా? ఐదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు బొంత తీసుకుందాం. 6 అంగుళాల చదరాలైతే అడ్డం 10, నిలువు 15, మొత్తం 150 ముక్కలు. చుట్టూ కుట్టుకు పావంగుళం వదలాలి గనుక ఒక్కో ముక్కను ఆరున్నర అంగుళాలకు కత్తిరించాలి. అంగుళానికి ఎనిమిది నూళ్లు. గుడ్డ జరిగి, ఒక్కో ముక్కలో అర నూలు ఎక్కువగా కుట్టులోకి పోయిందనుకోండి. అతుకుకు రెండు ముక్కలు, కాబట్టి నూలు తేడా. వరసకు 9 అతుకులు, అంటే 9 నూళ్లు. ఆ వరస అంగుళం పైగా కురచవుతుంది. పక్క వరసతో మూలలు కలవవు, లాగి కలిపితే ముడతలు పడతాయి.

గంజి చేసే పనేమిటి? బియ్యంలోని పిండిపదార్థం వేడి నీళ్లలో ఉబ్బి జిగురవుతుంది. ఆరాక పోగుల మధ్య పలుచని పొరగా గట్టిపడి, వాటిని కదలనివ్వదు. వెంకటగిరి, మంగళగిరి నేతగాళ్లు నూలు పడుగుకు గంజి పట్టించేది కూడా మగ్గం రాపిడికి దారం తెగకుండా ఉండాలనే. ముక్కోణాలు కుట్టేవారికి ఇది మరీ అవసరం. చదరాన్ని మూల నుంచి మూలకు కోస్తే వచ్చే ఏటవాలు అంచును టైలర్లు క్రాస్ అంటారు. ఆ దిక్కున గుడ్డను బిగబట్టే పోగు ఉండదు, కాస్త లాగితే సాగిపోతుంది. 6 అంగుళాల చదరానికి ఆ ఏటవాలు అంచు ఎనిమిదిన్నర అంగుళాలు. నూటికి 3 పాళ్లు సాగినా పావంగుళం. కుట్టుకు వదిలిందీ అంతే కదా!

ఇక గంజి కాచే పాళ్లు. లీటరు నీళ్లకు 30 గ్రాముల బియ్యప్పిండి, అంటే తలగొట్టి మూడు పెద్ద చెంచాలు. పిండిని ముందు అర గ్లాసు చన్నీళ్లలో కలుపుకోవాలి. నేరుగా వేడి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. మిగతా నీళ్లు మరిగాక ఇది పోసి, ఐదు నిమిషాలు కలుపుతూ కాచి, పలుచని గుడ్డలో వడకట్టాలి. రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే జిగురు తగలాలి, గరుకు తగలకూడదు.

అన్నం వార్చిన గంజి పనికిరాదా? వస్తుంది. కాకపోతే దాని చిక్కదనం రోజుకో తీరుగా ఉంటుంది, 150 ముక్కలూ ఒకే బిగువుతో రావాలంటే కొలిచి కాచిందే మేలు. రాగి గంజి లేత రంగు గుడ్డ మీద మసక వేస్తుంది.

చిక్కగా పెడితే ఇంకా బాగుంటుందా? ఉండదు. మన 150 ముక్కలు కలిపితే దాదాపు 4 చదరపు మీటర్లు. పలుచని నూలు చీర గుడ్డ చదరపు మీటరుకు 100 గ్రాముల లెక్కన 400 గ్రాములు. పిండాక గుడ్డ తన బరువంత గంజి పట్టుకుందనుకుంటే 400 మిల్లీలీటర్లు, అందులో పిండి 12 గ్రాములు. బొంత పైపొర మొత్తానికి పెద్ద చెంచాకు కాస్త ఎక్కువ, అంతే! అంతకు మించితే పొర పెళుసెక్కి, ఇస్త్రీ కింద తెల్లగా రాలుతుంది. ఖర్చూ తక్కువే. పిండి కిలో 60 రూపాయలనుకున్నా లీటరు గంజికి రెండు రూపాయలు దాటదు.

కత్తిరించాక పెట్టొచ్చా? వద్దు. కొత్త గుడ్డ తొలి తడికి నూటికి 3 పాళ్లు కుంచించుకుపోయినా ఆరున్నర అంగుళాల ముక్క నూలున్నర తగ్గిపోతుంది. అందుకే ముందు ఉతకాలి, తర్వాత గంజి పెట్టి నీడన ఆరేయాలి, నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేయాలి, చివరికే కత్తెర పట్టాలి. ఇస్త్రీపెట్టెను ఏటవాలుగా లాగకుండా, అద్ది పైకెత్తుతూ చేయాలి.

అన్ని గుడ్డలకూ పడుతుందా? గాలి తేమలోంచి 100 గ్రాముల నూలు ఎనిమిదిన్నర గ్రాముల నీళ్లు పట్టుకుంటే, పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. గంజి దాని పైపైనే ఉండి రాలిపోతుంది. మదనపల్లె నీరుగట్టువారిపల్లె నేసే పట్టు చీరల్లాంటివాటి ముక్కలు వాడాలనుకుంటే, తడి మరకలు పడే భయం ఉంది గనుక గంజి జోలికి పోకుండా, వెనక పలుచని నూలు గుడ్డ పెట్టి కచ్చా కుట్టు వేసుకోండి.

పని అయ్యాక గంజి ఉండిపోతే నష్టమా? నష్టమే. అది బొద్దింకలకూ ఎలుకలకూ తిండి, వానాకాలం బూజుకు ఆసరా. గంజి పెట్టిన ముక్కలను నెలల తరబడి పెట్టెలో దాచకండి. బొంత పూర్తి కాగానే గోరువెచ్చని నీళ్లలో జాడించి, ఎండలో బాగా ఆరేయండి.

ఒక్క మాట. 150 ముక్కలూ ఒకేసారి కోసెయ్యకండి. ముందు నాలుగే కోసి, రెండు మీద రెండు అతికి టేపు పెట్టి చూడండి. ఎటు కొలిచినా పన్నెండున్నర అంగుళాలు రావాలి. వస్తే మీ గంజీ, మీ కుట్టూ రెండూ సరిగ్గా ఉన్నట్టే. నూలు తక్కువొస్తే కుట్టు వెడల్పు సరిచూసుకోండి. అంచు సాగి ఎక్కువొస్తే గంజిలో అర చెంచా పిండి పెంచి, మరో నాలుగు ముక్కలతో మళ్లీ చూడండి.